ఆ పేజీలో అతను ఆ మాటను చెరిపేస్తున్నాడు సార్

నేను ఇంటర్ చదివిన రెసిడెన్షియల్ కాలేజీ ప్రిన్సిపాల్ గారికి, డీన్ గారికి, మూడో ఫ్లోర్ ఇన్‌చార్జి సార్‌కి నమస్కారం.

నేను మీకు గుర్తుండకపోవచ్చు. పేరు కంటే అడ్మిషన్ నంబరు చెబితే గుర్తుపడతారేమో కానీ, దాన్ని నేనే మర్చిపోయాను. 2022 నుంచి 2024 దాకా ఎంపీసీ. ఫ్లెక్సీ మీదకెక్కేంత ర్యాంకు రాలేదు, టీసీ ఇచ్చి పంపేంత తక్కువా రాలేదు. ఇప్పుడు బీఏ రెండో సంవత్సరం చదువుతున్నాను. ఇంకో ఆనవాలు చెబుతాను. 2023 నవంబర్‌లో స్టడీ అవర్లో, ఆర్గానిక్ కెమిస్ట్రీ మెటీరియల్ మధ్యలో ఇంగ్లీషు నవల పెట్టుకుని చదువుతూ దొరికిపోయినవాణ్ని. దానికోసం నంద్యాల అవతలి పల్లె నుంచి మా నాయనను విజయవాడ పిలిపించారు.

ఈ ఉత్తరం మీకే విడిగా పంపొచ్చు. పంపితే కాలేజీ ఆఫీసు వ్యవహారాలు చూసే ఏఓ గది దాటి లోపలికి రాదని నాకు తెలుసు. పైగా పిల్లల దగ్గర లాక్కున్న పుస్తకాలతో నిండిన స్టీలు బీరువా మీ ఒక్క కాలేజీలోనే ఉందనుకోను. అందుకే అందరికీ కనిపించేలా రాస్తున్నాను.

ఆ నవల పేరు 'ది క్యాచర్ ఇన్ ది రై'. జె.డి. శాలింజర్ రాసింది, 1951లో అచ్చయింది. లెనిన్ సెంటర్‌లో పాత పుస్తకాల కొట్టులో, ఔటింగ్ రోజున, 40 రూపాయలకు కొన్నాను. అట్ట చిరిగి ఉంది. సన్నగా ఉంది కాబట్టి మెటీరియల్ మధ్యలో ఇముడుతుందని కొన్నానే తప్ప, దాని గొప్పతనం తెలిసి కాదు.

ఆ రోజు ఏఓ గదిలో మా నాయన కుర్చీ అంచున కూర్చున్నాడు. చెప్పులు బయటే విడిచి వచ్చాడు, మీరెవరూ విడవమనలేదు. ఫ్లోర్ ఇన్‌చార్జి సార్ పుస్తకంలో ఒక పేజీ తెరిచి, ఒక మాట కింద వేలు పెట్టి, "చూడండి, మీవాడు చదివేది ఇదీ" అన్నారు. మా నాయన చదివింది ఏడో తరగతి, అదీ తెలుగు మీడియం. ఆ వేలి వంకే చూశాడు.

"ఏముంది సార్ దీంట్లో?" అని అడిగాడు.

"బూతులు" అన్నారు సార్.

మా నాయన నా వైపు తిరగలేదు. నేను కూడా నోరు తెరవలేదు. రెండేళ్ల నుంచి ఆ నోరు తెరవకపోవడమే నన్ను తొలిచేస్తోంది. అప్పుడు చెప్పాల్సింది ఇప్పుడు చెబుతున్నాను.

సార్, ఆ మాట ఆ పేజీలో ఉన్నది నిజం. ఇంగ్లీషులో ఎవరూ గట్టిగా అనని ఆ నాలుగక్షరాల మాటే. కానీ ఆ పేజీలో జరుగుతున్నది వేరు. కథలో కుర్రాడి పేరు హోల్డెన్ కాల్‌ఫీల్డ్. పదహారేళ్లవాడు. తన పదేళ్ల చెల్లెలు ఫీబీ చదివే స్కూలుకు ఒక చీటీ ఇవ్వడానికి వెళ్తాడు. అక్కడ గోడ మీద ఎవరో ఆ మాట రాసి ఉంటారు. అది చూసి అతనికి పిచ్చికోపం వస్తుంది. ఫీబీ, ఆమె ఈడు పిల్లలు దాన్ని చూస్తారు, అదేమిటో తెలియక దిగులుపడతారు, చివరికి ఎవడో ఒకడు అర్థం చెబుతాడు అని బాధపడతాడు. చేత్తో రుద్ది చెరిపేస్తాడు. చెరిపే ముందు అతనికొక భయం వేస్తుంది: ఎవరైనా టీచరు అటువైపు వచ్చి, తానే రాశాడనుకుంటే?

మీరు సరిగ్గా ఆ టీచరే అయ్యారు సార్. వేరే ఏ పేజీ తెరిచినా నేను ఈ ఉత్తరం రాసేవాణ్ని కాదు. పుస్తకం నిండా తిట్లున్నాయి, 'గాడ్‌డామ్' అనే మాట లేకుండా ఆ కుర్రాడికి వాక్యం పూర్తి కాదు. వాటిలో ఏది చూపించినా నా దగ్గర జవాబు లేదు. అతను చెరిపే మాటనే ఏరి పట్టుకున్నారు. రాస్తుంటే నాకు నవ్వొస్తోంది కానీ, ఆ రోజు రాలేదు.

డీన్ గారు అప్పటికే ఫోన్లో వెతికి పెట్టుకున్నారు. "ఈ పుస్తకం చదివినోడు ఒక పెద్ద సింగర్ని కాల్చి చంపాడండీ" అని మా నాయనకు చెప్పారు. 1980 డిసెంబర్ 8న న్యూయార్క్‌లో జాన్ లెనన్‌ను చంపినవాడి దగ్గర ఈ పుస్తకం దొరికిన మాట నిజమే. అప్పటికే దాదాపు 30 ఏళ్లుగా లక్షలమంది చదువుతున్న పుస్తకం అది. ఆ లక్షలమందీ కాలేజీలకు వెళ్లారు, ఉద్యోగాలు చేశారు, పిల్లల్ని కన్నారు. వాళ్లెవరూ ఫోన్లో వెతికితే రారు. మా నాయన ఆ సాయంత్రం బస్సెక్కేముందు నా చెయ్యి పట్టుకుని, "ఏమన్నా ఉంటే చెప్పు నాయనా, కొట్టను" అన్నాడు. ఆయన మనసులో ఏం భయం దూరిందో నాకు బస్సు కదిలాక గానీ తట్టలేదు.

ఈ పుస్తకాన్ని చూసి ఉలిక్కిపడిన మొదటివాళ్లు మీరు కాదు. అమెరికాలో ఓక్లహోమా రాష్ట్రం టల్సాలో 1960లో పదకొండో తరగతికి దీన్ని పాఠంగా పెట్టినందుకు ఒక టీచర్ ఉద్యోగం తీసేశారు. అప్పీలు చేసుకుంటే ఉద్యోగం తిరిగిచ్చారు, పుస్తకాన్ని మాత్రం మళ్లీ క్లాసులోకి రానివ్వలేదు. మనిషిని తిరిగి రానిచ్చారు, పుస్తకాన్ని రానివ్వలేదు. నా విషయంలోనూ అంతే జరిగింది, అందుకే ఈ సంగతి తెలిసినప్పుడు నాకేమీ ఆశ్చర్యం వేయలేదు.

ఇంతకీ ఇది తిరగబడ్డ కుర్రాడి కథ అంటారు అందరూ. నేనూ అలాగే అనుకుని మొదలుపెట్టాను. నిజం చెప్పాలంటే మొదటి 50 పేజీలు వాడు నాకు నచ్చలేదు. పెన్సీ అనే పెద్ద బోర్డింగ్ స్కూల్లో చదువుతుంటాడు. అయిదు సబ్జెక్టుల్లో నాలుగు తప్పాడు, ఒక్క ఇంగ్లీషు పాసయ్యాడు. క్రిస్మస్ సెలవులకు ముందు బడి నుంచి తీసేస్తారు. సెలవులిచ్చేదాకా కూడా ఆగకుండా రాత్రికి రాత్రి బ్యాగు సర్దుకుని న్యూయార్క్ రైలెక్కుతాడు, హోటల్లో దిగుతాడు, టాక్సీల్లో తిరుగుతాడు. తండ్రి పెద్ద కంపెనీలకు లాయరు. ఇంతకు ముందు కూడా వేరే స్కూళ్లు మారాడు. నాకు ఒళ్లు మండింది. నేను హాస్టల్ వదిలి ఒక్క రాత్రి బయటికెళ్తే ఏమవుతుంది? రెండో టర్ము ఫీజు పోతుంది. ఆ ఫీజు కౌలు చేలో శెనగలు అమ్మిన డబ్బు. తిరగబడాలన్నా చేతిలో అంతో ఇంతో ఉండాలి కదా అనిపించింది. ఇప్పటికీ అదే అనిపిస్తుంది. పుస్తకం నచ్చినంత మాత్రాన ఈ అభిప్రాయం మార్చుకోలేదు. ఆడపిల్లల గురించి వాడు ఆలోచించే తీరు కూడా చాలాచోట్ల చికాకు పెట్టింది.

వాడికి కనిపించిన ప్రతి మనిషీ 'ఫోనీ'యే. ఈ మాటకు తెలుగు వెతకడం మా గదిలో వారం రోజుల కాలక్షేపం. ఫోన్లే లేని హాస్టల్ కాబట్టి ఒకడు "ఫోను మాట్లాడేవాడా?" అని అడిగాడు. బిల్డప్ అన్నాం, ఓవరాక్షన్ అన్నాం, నటన అన్నాం. ఏదీ పూర్తిగా కుదర్లేదు. ఒక ఆదివారం మెస్‌లో టీవీ పెట్టారు. అందులో ర్యాంకుల ప్రకటన వచ్చింది, "ఒకటి, ఒకటి, ఒకటి, రెండు, రెండు, మూడు..." అని ఊపిరి తీసుకోకుండా చదువుతున్నాడు. మా గదిలో నలుగురమూ ఒకేసారి "ఫోనీ!" అన్నాం. అర్థం దొరికింది, తెలుగు మాటే దొరకలేదు. అయితే ఎదుటివాళ్లను ఫోనీ అనే ఆ కుర్రాడే తనంత అబద్ధాలకోరు లేడని ఒప్పుకుంటాడు. రైల్లో తోటి విద్యార్థి తల్లి ఎదురైతే, ఆ దుర్మార్గుడు ఎంత మంచివాడో అని కథలల్లి ఆమెను సంతోషపెడతాడు. అక్కడినుంచి వాడి మీద నాకు కోపం తగ్గడం మొదలైంది.

అసలు అతని సంగతేమిటో నాకు తెలిసింది ఆలీ దగ్గర. ఆలీ అతని తమ్ముడు. కథ జరిగేనాటికి చనిపోయి మూడేళ్లు దాటింది, లుకీమియాతో. ఆ రాత్రి పదమూడేళ్ల హోల్డెన్ గ్యారేజీలో పడుకుని, పిడికిలితో కిటికీ అద్దాలన్నీ పగలగొట్టాడు. అప్పటి నుంచి ఆ చెయ్యి సరిగా ముడుచుకోదు. ఇప్పుడు హాస్టల్లో రూమ్మేటు తన కాంపోజిషన్ రాసిపెట్టమంటాడు, ఏదైనా గదిని వర్ణించమని. హోల్డెన్ ఆలీ బేస్‌బాల్ గ్లవ్ గురించి రాస్తాడు. ఆలీ ఆ గ్లవ్ నిండా ఆకుపచ్చ సిరాతో పద్యాలు రాసుకునేవాడు, ఫీల్డింగ్‌లో ఊరికే నిలబడాల్సి వచ్చినప్పుడు చదువుకోవడానికి. రూమ్మేటు వచ్చి చూసి తిడతాడు. అడిగిందేమిటి, రాసిందేమిటి అని. హోల్డెన్ ఆ కాగితాన్ని చింపి పారేస్తాడు.

సిలబస్‌లో లేదన్నమాట.

ఇది చదివింది అక్టోబర్ ఆఖర్లో. అప్పుడు నా పక్క మంచం ఖాళీగా ఉంది. ఆ మంచం వాడు వాళ్ల నాన్న పోయాడని ఊరెళ్లాడు. పేరు రాయను, మీకు తెలుసు. పెద్దకర్మ అయిన మర్నాడే తిరిగొచ్చాడు, గుండుతో, చేతికి వాళ్ల నాన్న గడియారంతో. స్టీలు గొలుసు గడియారం, వాడి సన్నటి మణికట్టు మీద గాజులా మోచేతి దాకా జారేది. వచ్చిన గంటకి ఫ్లోర్ ఇన్‌చార్జి సార్ గదికొచ్చి రబ్బరు బ్యాండు వేసిన కాగితాల కట్ట వాడి మంచం మీద పెట్టారు. మిస్సయిన రెండు వీకెండ్ టెస్టులు, అయిదు స్లిప్ టెస్టులు. "ఆదివారం లోపు రాసి ఇవ్వు, లేకపోతే సెక్షన్ మారుతుంది" అన్నారు. సార్ చెడ్డవారని నేను అనడం లేదు. పైనుంచి వచ్చిన షెడ్యూల్ అది, ఆయన చేతిలోనూ అలాంటి కట్ట ఇంకోటి ఉండి ఉంటుంది.

ఆ తర్వాత వరసగా మూడు వారాలు వాడు ఓఎంఆర్ షీటులో అన్నీ 'సి'లే దిద్దాడు. పైనుంచి కిందికి ఒకే గీత. మైనస్ మార్కులొచ్చాయి. ఎర్రర్ లిస్టు చదివే గంటలో వాణ్ని నిలబెట్టి, ఇది పొగరు అన్నారు, ఫాదర్ పోయాడని సింపతీ చూపిస్తే అలుసు తీసుకుంటున్నావు అన్నారు. నేను గదిలో అడిగాను, ఎందుకురా ఇలా అని. "ఒకే లైన్లో వస్తే చూడ్డానికి బాగుందిరా" అన్నాడు. అంతే. నేను ఇంకేం అడగలేదు. పుస్తకంలోకి తల దూర్చాను. హోల్డెన్ తమ్ముడి కోసం కళ్లల్లో నీళ్లు తిరిగాయి, పక్క మంచం మీద ఉన్నవాడితో రెండో ముక్క మాట్లాడలేదు. ఈ ఉత్తరంలో మీ మీద రాసిందంతా నా మీద కూడా రాసుకుంటున్నాను.

డిసెంబర్‌లో వాళ్లమ్మ వచ్చి తీసుకెళ్లిపోయింది. ట్రంకు పెట్టె ఆవిడా వాడూ చెరో వైపు పట్టుకున్నారు, బకెట్టు నేను కింద దాకా మోశాను. వాడిప్పుడు ఎక్కడున్నాడో తెలుసు, బాగానే ఉన్నాడు. ఆ భయంతో చదువుతుంటే ఊపిరి పీల్చుకోండి.

ఆ కథలో ఆ భయమూ ఉంది. హోల్డెన్ అంతకుముందు చదివిన ఒక స్కూల్లో జేమ్స్ కాజిల్ అనే కుర్రాడు ఒకణ్ని గర్విష్ఠి అంటాడు. ఆ మాట వెనక్కి తీసుకోమని కొందరు గదిలో పెట్టి హింసిస్తే, తీసుకోకుండా కిటికీలోంచి దూకి చనిపోతాడు. ఆ సమయంలో వాడి ఒంటి మీద ఉన్నది హోల్డెన్ దగ్గర అడిగి తీసుకున్న స్వెటర్. ఇద్దరికీ స్నేహం లేదు. అటెండెన్స్‌లో హోల్డెన్ పేరుకు ముందు పేరు వాడిది, అంత మాత్రమే. హింసించినవాళ్లను స్కూలు నుంచి పంపించేసి ఊరుకుంటారు. ఆంటోలిని అనే ఒక టీచరు మాత్రం వచ్చి, తన కోటు తీసి వాడి మీద కప్పి, కోటు పాడవుతుందని చూడకుండా ఎత్తుకుని మోసుకెళ్తాడు. (అదే ఆంటోలిని గారింట్లో తర్వాత జరిగే సంగతి ఒకటుంది. దాన్ని మూడుసార్లు చదివినా ఆయన మంచివాడో కాదో తేల్చుకోలేకపోయాను. రచయిత కావాలనే తేల్చలేదనుకుంటా.)

మన మూడో ఫ్లోర్ కిటికీలకు ఇనుప మెష్ కొట్టి ఉంటుంది. దోమలకైతే అంత మందం అక్కర్లేదు. అదెందుకో మీరు చెప్పలేదు, మేమూ అడగలేదు. 2019 ఏప్రిల్‌లో తెలంగాణలో ఇంటర్ ఫలితాలొచ్చాక 20 మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నప్పుడు నేను ఏడో తరగతి. మా నాయన టీవీ కట్టేసి, "నువ్వు బయటికి పోయి ఆడుకో పో" అన్నాడు. అలాంటి మాట మళ్లీ ఎవరూ అనలేదు నాతో, ఇంటర్ అయిపోయేదాకా.

మీ తరఫున కూడా ఒక మాట చెప్పాలి. ఈ పుస్తకంలో స్పెన్సర్ అనే ముసలి హిస్టరీ మాస్టారు ఉంటాడు. ఫ్లూ జ్వరం, ఇంట్లో కుర్చీలో కూర్చుని ఉంటాడు, గది నిండా విక్స్ వాసన. వెళ్లొస్తానని చెప్పడానికి వచ్చిన హోల్డెన్‌ను కూర్చోబెట్టి, తప్పిన పరీక్ష పేపరు తీసి పైకి చదువుతాడు. ఈజిప్టు గురించి వాడు రాసిన నాలుగు పిచ్చి వాక్యాలు, అడుగున "నన్ను ఫెయిల్ చేసినా ఫరవాలేదు సార్" అని అర్థం వచ్చే చీటీతో సహా. నాకు ఎర్రర్ లిస్టు గంట గుర్తొచ్చి చెమటలు పట్టాయి. కానీ ఆ విక్స్ వాసన దగ్గర మా జేజి గుర్తొచ్చింది. ఆ ముసలాయనకు పిల్లవాడి మీద నిజంగానే ప్రేమ ఉంది. మార్కుల భాష తప్ప ప్రేమ చూపడానికి వేరే భాష రాదు. మీలోనూ అలాంటివాళ్లున్నారు. ఫిజిక్స్ సార్ ఒకాయన రౌండ్స్‌కి వచ్చి, నిద్రపోతున్నవాడి మీద దుప్పటి సరిచేసి, ఎవరూ చూడలేదని అనుకుని వెళ్లిపోయేవారు. నేను చూశాను.

ఇంకొక చిన్న సంగతి. న్యూయార్క్ స్టేషన్లో దిగగానే హోల్డెన్ ఫోన్ బూత్‌లోకి దూరతాడు. ఎవరికి చేయాలో తోచదు. ఒక్కొక్కరినీ తలచుకుని, ఏదో ఒక కారణంతో కొట్టేసుకుంటూ, దాదాపు 20 నిమిషాలు నిలబడి ఎవరికీ చేయకుండానే బయటికొస్తాడు. తిరగబడ్డవాడు చేసే పనా అది? పుస్తకమంతా వాడు చేసేది అదే. టాక్సీ డ్రైవర్ని పట్టుకుని, చలికాలం చెరువు గడ్డకడితే సెంట్రల్ పార్కులో బాతులు ఎక్కడికి పోతాయని అడుగుతాడు. టిఫిన్ తింటుంటే పక్కన కూర్చున్న నన్‌లతో కథల గురించి మాట్లాడి పది డాలర్లు విరాళమిస్తాడు. మాట్లాడే మనిషి కోసం వెతుక్కుంటూ తిరుగుతాడు. మన దగ్గర ఆదివారం ఫోన్ క్యూలో మనిషికి అయిదు నిమిషాలు. గంట నిలబడి, వంతు వచ్చాక, "బాగున్నా, బాగున్నా, పెట్టేస్తున్నా" అని 40 సెకన్లలో పెట్టేసేవాళ్లు ఎంతమందో ఎప్పుడైనా గమనించారా? మొదటి సంవత్సరమంతా నేనూ వాళ్లలో ఒకణ్ని.

పుస్తకానికి ఆ పేరెందుకొచ్చిందో చెప్పి ముగిస్తాను. ఫీబీ అన్నను నిలదీస్తుంది, నీకు ఇష్టమైంది ఒక్కటి చెప్పు అని. "ఆలీ" అంటాడు హోల్డెన్. ఆలీ చచ్చిపోయాడు కదా అంటుంది. సరే, పెద్దయ్యాక ఏమవుతావో చెప్పు అంటుంది. అప్పుడు చెబుతాడు. పెద్ద రై చేను. వేలమంది చిన్నపిల్లలు ఆడుకుంటుంటారు. పెద్దవాళ్లెవరూ లేరు, తను తప్ప. చేను అంచున లోతైన కొండచరియ. ఆటలో పడి చూసుకోకుండా అంచుదాకా పరిగెత్తుకొచ్చే పిల్లల్ని పట్టుకోవడం, రోజంతా అదే తన పని. ఇది స్కాట్లండ్ కవి రాబర్ట్ బర్న్స్ పద్యంలో ఒక మాటను తప్పుగా గుర్తుపెట్టుకోవడం వల్ల పుట్టిన ఊహ. ఆ తప్పును కూడా ఫీబీయే దిద్దుతుంది.

రై పైరు నేనెప్పుడూ చూడలేదు. నాకు కనబడింది జొన్నచేను. మా చేలో పాత బావి ఒకటుంది, చుట్టూ గట్టు లేదు. జొన్న ఎత్తుకొచ్చాక బావి ఎక్కడుందో పెద్దవాళ్లకే తెలియదు. కోతల రోజుల్లో అమ్మానాన్నల వెంట వచ్చిన పిల్లలం చేలో దొంగా పోలీసు ఆడుకునేవాళ్లం. మా తాత బావి అంచున గోనెపట్టా పరుచుకుని, పక్కన చిల్లకట్టె పెట్టుకుని కూర్చునేవాడు. ఏ పనీ చేసేవాడు కాదు. ముసలోడు సోమరి అయిపోయాడని కూలోళ్లు నవ్వేవాళ్లు. పిల్లల అలికిడి దగ్గరకొస్తే కట్టెతో నేల మీద టపటపా కొట్టేవాడు. మేం వెనక్కి మళ్లేవాళ్లం. ఆట మాత్రం ఆపించేవాడు కాదు. ఆ పేజీ చదివినప్పుడు నేను స్టడీ హాల్లో బల్ల మీద తల వాల్చేశాను. నిద్రపోతున్నాననుకుని మీరు వచ్చి వీపు మీద తట్టారు కూడా.

చివర్లో వర్షంలో హోల్డెన్ బెంచీ మీద కూర్చుని, రంగులరాట్నం గుర్రం మీద తిరుగుతున్న ఫీబీని చూస్తుంటాడు. పిల్లలందరూ బంగారు రంగు రింగు అందుకోవాలని గుర్రం మీంచి వంగుతుంటారు. పడతారేమోనని భయం వేస్తుంది. అయినా ఏమీ అనకూడదు, పడితే పడనివ్వాలి అనుకుంటాడు. అంతకు ముందు రోజు రాత్రి, అందర్నీ పట్టుకుంటానన్నవాడే ఇతను. ఈ రెండింటిలో ఏది సరైనదో నాకు తెలియదు. మా తాత అయితే రెండూ చేసేవాడు.

నేను అడిగేవి పెద్ద కోరికలు కావు. ఇంట్లో ఎవరో పోయి తిరిగొచ్చిన పిల్లవాడికి మొదటి రోజు ఆ కాగితాల కట్ట ఇవ్వకండి. వారం తర్వాత ఇవ్వండి, పోయేదేమీ లేదు. ఇన్‌స్పెక్షన్ రోజు తప్ప తాళం తీయని ఆ లైబ్రరీని ఆదివారం మధ్యాహ్నం రెండు గంటలు తెరవండి. పుస్తకం లాక్కున్నప్పుడు తండ్రికి ఫోన్ చేసే ముందు మీ ఇంగ్లీషు లెక్చరర్‌కి ఒకసారి ఇచ్చి చూడమనండి. ఆవిడ చదివే ఉంటారు. నా పుస్తకం పట్టుబడ్డ రోజు స్టాఫ్ రూమ్ బయట ఆవిడ నన్ను చూసి ఏదో అనబోయి ఆగిపోయారు.

మొన్న సంక్రాంతికి ఇంటికి వెళ్లినప్పుడు ఈ కథంతా మా నాయనకు తెలుగులో చెప్పాను. మిద్దె మీద, శెనగలు ఎండబోసిన చోట. గోడ మీద మాట చెరిపే సంగతి దగ్గర ఆపి, ఆ రోజు సార్ చూపించిన పేజీ ఇదే నాయనా అన్నాను. చాలాసేపు శెనగలు కెలుకుతూ ఉండిపోయాడు. తర్వాత అడిగాడు: "ఆ పిల్లోడు మళ్లా బడికి పోయినాడా?"

అది పుస్తకంలో చెప్పలేదన్నాను. అక్కడ డాక్టరు కూడా వాణ్ని అదే అడుగుతాడు, ఈసారి బుద్ధిగా చదువుకుంటావా అని. చేసేదాకా ఎట్లా తెలుస్తుంది అనుకుంటాడు వాడు.

"వాళ్ల నాయన యాడుండాడు కతలో?"

నేను ఆలోచించాను. తల్లి ఒకసారి ఫీబీ పడుకున్న గదిలోకి వస్తుంది, అప్పుడు హోల్డెన్ బట్టల అల్మరాలో దాక్కుని ఉంటాడు. తండ్రి గురించి మాటలే తప్ప, ఒక్కసారి కూడా ఎదురుగా కనిపించడు. "లేడు నాయనా" అన్నాను.

"ఆ పుస్తకం తెప్పియ్యి. ఆ పేజీ ఉండేదే. నువ్వు సదువు, నేను ఇంటా" అన్నాడు.

కొత్తది కొనగలను సార్. ఆయన అడిగింది అదే పుస్తకం. బీరువా తాళం ఏఓ గారి దగ్గరుంటుంది, పై అరలో చెస్ బోర్డు కింద పెట్టడం నేను చూశాను. అట్ట చిరిగి ఉంటుంది, లోపల లెనిన్ సెంటర్ కొట్టతను పెన్సిల్‌తో వేసిన 40 అంకె ఉంటుంది. అడ్మిషన్ ఫారంలో మా ఊరి అడ్రసు, మా నాయన పేరు ఉన్నాయి. పోస్టు ఖర్చు నేను పంపుతాను. ఆయన పేరు మీదే పంపండి.

మీ పాత విద్యార్థి,
మూడో ఫ్లోర్, కిటికీ పక్క మంచం